చీటీ ఒకటే, కొట్లు వేరు



చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేనొక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. పేరెందుకు లెండి, ఆ కంపెనీ ఇప్పుడు లేదు కూడా. మా దగ్గర బిల్లులు తయారుచేసే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. నెలాఖరున వేలమంది ఖాతాదారులకి, మనిషికో ఫైలు చొప్పున, బిల్లులు రాసిపెట్టడం దాని పని. లైనక్స్ మిషన్ మీద దాన్ని మొదలుపెట్టి కిందికెళ్లి టీ తాగి వచ్చేసరికి పని అయిపోయేది. అదే ప్రోగ్రామ్‌ని అంతే శక్తి ఉన్న విండోస్ మిషన్ మీద మొదలుపెట్టి, భోజనం చేసి, వక్కపలుకు నోట్లో వేసుకుని తీరిగ్గా వచ్చినా ఇంకా నడుస్తూనే ఉండేది.

ఆఫీసు రెండుగా చీలిపోయింది. ఒక వర్గం విండోస్‌ని తిట్టింది. రెండో వర్గం, రాసినవాళ్లకి విండోస్ మీద రాయడం చేతకాలేదంది. హీరోల అభిమాన సంఘాల మధ్య కూడా అంత గొడవ నేను చూడలేదు. చివరికి మా మేనేజరుగారు నన్ను పిలిచి, "నువ్వు ఏ జట్టులోనూ లేవు కదా, సంగతేంటో తేల్చవయ్యా" అన్నారు. నిజానికి నాది లైనక్స్ జట్టే. పైకి చెప్పలేదంతే.

అప్పటినుంచి ఇప్పటిదాకా నేను చేస్తున్నది ఇంచుమించు ఆ పనే. ఒకే ప్రోగ్రామ్ ఒక ఆపరేటింగ్ సిస్టం మీద పరిగెత్తి ఇంకోదాని మీద ఎందుకు కుంటుతుందో వెతకడం, ఆ కుంటు పోగొట్టడం. దీన్నే మా భాషలో ట్యూనింగ్ అంటాం. వీణకి శ్రుతి చేసినట్టే, ఓపిక చాలా కావాలి.

ముందొక చిన్న సంగతి చెప్పుకోవాలి. ఏ ప్రోగ్రామూ తనంతట తాను డిస్కుని ముట్టుకోలేదు, నెట్‌వర్క్‌లోకి ఒక్క అక్షరం పంపలేదు. అన్నిటికీ ఆపరేటింగ్ సిస్టంని అడగాలి. ఈ ఫైలు తెరువు, ఇందులో ఇంత రాయి, టైమెంతయిందో చెప్పు, ఆ ఇంకో ప్రోగ్రామ్‌ని లేపు, ఇలా. ఈ అడగడాలన్నిటినీ కలిపి కిరాణా కొట్టుకి పంపే చీటీ అనుకోండి. చీటీ ఒకటే. కాని ఈ కొట్లో కందిపప్పు చవక, నూనె ప్రియం. ఎదురు కొట్లో నూనె చవక, పప్పు ప్రియం. ఎక్కడ కొంటే బిల్లు తగ్గుతుందో చీటీ చూడకుండా ఎవరు చెప్పగలరు? "విండోస్ ఫాస్టా, లైనక్స్ ఫాస్టా, మ్యాక్ ఫాస్టా" అని నన్ను పెళ్లిళ్లలో కూడా అడుగుతుంటారు. చీటీ చూపించండి అంటాను. వేళాకోళం అనుకుని పెరుగన్నం దగ్గరికి వెళ్లిపోతారు.

చీటీలో ఏమీ లేని ప్రోగ్రాములూ ఉంటాయి. కూర్చుని లెక్కలు మాత్రమే చేసుకునేవి. అవి సిస్టంని పెద్దగా ఏమీ అడగవు కాబట్టి, ఒకే మిషన్ మీద ఏ సిస్టం పెట్టినా వాటి వేగంలో తేడా తక్కువే. ఉన్నా అది చాలావరకు కంపైలర్ వల్లనో, లెక్కల లైబ్రరీ వల్లనో వచ్చింది అయ్యుంటుంది. గొడవంతా అడిగే ప్రోగ్రాములతోనే.

మా బిల్లుల ప్రోగ్రామ్ చీటీ తీసి చూశాను. రెండు సరుకులు కనిపించాయి. మొదటిది, ప్రతి బిల్లుకీ అది బయటనుంచి ఒక బుల్లి ప్రోగ్రామ్‌ని పిలిచేది. బిల్లుని కుదించి చుట్టపెట్టే పనివాడు వాడు. లైనక్స్ పుట్టిన యూనిక్స్ వంశంలో కొత్త ప్రోగ్రామ్‌ని లేపడం రోజువారీ వ్యవహారం. ఫోర్క్ అని ఒక పద్ధతి ఉంది అక్కడ. నడుస్తున్న ప్రోగ్రామ్ తనకి తానే ఒక నకలు తీసుకుంటుంది. నకలంటే మెమరీ అంతా కాపీ చేసేస్తుందని కాదు. ఎవరైనా మార్చినప్పుడు ఆ ముక్క ఒక్కటే కాపీ అవుతుంది. అందుకే చవక. విండోస్ వేరే దారిలో పెరిగింది. అక్కడ ఒక ప్రోగ్రామ్ పుట్టడం పెద్ద శుభకార్యం, తంతు చాలా ఉంటుంది. దానికి బదులు, ఒకే ప్రోగ్రామ్ లోపల పనిని పాయలు పాయలుగా విడగొట్టి నడిపించడం, అంటే థ్రెడ్లు, అక్కడ తేలిక.

రెండో సరుకు ఫైళ్లు తెరవడం. విండోస్‌లో ఫైలు తెరవమని అడిగితే ఆ మాట నేరుగా డిస్కు దాకా వెళ్లదు. దారిలో వడపోత గుమ్మాలు కొన్ని ఉంటాయి. ఒక గుమ్మంలో యాంటీవైరస్ కూర్చుంటుంది. గుడి ముందు మెటల్ డిటెక్టర్ లాగన్నమాట. పదిమంది వస్తే ఇబ్బంది లేదు. వేలమంది ఒక్కొక్కరుగా వస్తే క్యూ ఎక్కడిదాకా పోతుందో మీకు తెలుసు. మా ప్రోగ్రామ్ రాస్తున్నది వేల బుల్లి ఫైళ్లు.

యాంటీవైరస్ తీసేద్దామన్నాడు ఒకాయన. గుడికి రద్దీ ఎక్కువైందని కాపలా తీసేస్తామా? చీటీ మార్చాం. బయటి పనివాణ్ణి మానిపించి ఆ పని ప్రోగ్రామ్ లోపలే థ్రెడ్లతో చేయించాం. వేల ఫైళ్లకి బదులు ఒకే పెద్ద ఫైల్లో బిల్లులన్నీ వరసగా రాసి, ఏది ఎక్కడుందో ఒక సూచిక పెట్టాం. విండోస్ మీద కూడా పని టీ టైముకి దిగింది. లైనక్స్ మీదైతే టీ గ్లాసు చేతికి రాకముందే అయిపోయింది. గెలిచింది ఎవరో తెలియక రెండు వర్గాలూ చప్పబడిపోయాయి.

ఇది మా ఒక్కళ్ల అనుభవమే అనుకోకండి. ప్రపంచంలో ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఎక్కువమంది వాడే గిట్ చరిత్ర కూడా ఇదే. రాసిన ప్రోగ్రాముల పాత ప్రతులు, కొత్త ప్రతులు భద్రపరిచే సాధనం అది. లైనక్స్ కెర్నల్‌ని, అంటే ఆ సిస్టం గుండెకాయని, రాసిన లైనస్ టోర్వాల్డ్సే 2005 ఏప్రిల్‌లో దాన్ని మొదలుపెట్టాడు, కెర్నల్ పనికోసమే. ఆయనకి ఆ కొట్లో ధరలు కంఠతా వచ్చు. కొట్టు కట్టిందే ఆయన కదా! ఫైలు వివరాలు అడగడం లైనక్స్‌లో చాలా చవక, పేర్లన్నీ మెమరీలో సిద్ధంగా ఉంచుకుంటుంది కాబట్టి. చిన్న చిన్న ప్రోగ్రాముల్ని లేపడమూ చవకే. అందుకని గిట్‌లో ఆ రెండూ ధారాళంగా వాడారు. చాలా పనులు, చిన్న ప్రోగ్రాముల్ని వరసగా లేపే షెల్ స్క్రిప్టులతోనే నడిచేవి. దాన్ని విండోస్‌కి తెచ్చేసరికి ప్రతి సరుకూ ప్రియమైపోయింది. ఫోర్క్ లేనిచోట ఫోర్క్ ఉన్నట్టు నటించాల్సి వచ్చింది. తర్వాత ఏళ్ల తరబడి ఆ స్క్రిప్టుల్ని ఒక్కొక్కటిగా సీ భాషలో తిరగరాసుకుంటూ వచ్చారు.

తమాషా ఏంటంటే, 2017లో మైక్రోసాఫ్టే విండోస్ మూల ప్రోగ్రామ్ మొత్తాన్ని గిట్‌లోకి మార్చింది. సుమారు 35 లక్షల ఫైళ్లు, దాదాపు 300 జీబీ. మొత్తం తెచ్చుకోవాలంటే 12 గంటల పైన. ఏమేం మారాయో చెప్పమని గిట్‌ని అడిగితే జవాబు రావడానికి 10 నిమిషాలు. వాళ్లు చేసిన ఉపాయం బాగుంటుంది. ఫైళ్లన్నీ మిషన్‌లో ఉన్నట్టే చూపిస్తూ, ప్రోగ్రామరు నిజంగా తెరిచినవాటిని మాత్రమే తెచ్చే ఒక పొర కట్టారు. 10 నిమిషాల పని 4, 5 సెకన్లకి దిగింది. అక్కర్లేని సరుకులు చీటీలోంచి కొట్టేశారు, అంతే సంగతి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. సిస్టంలని పోల్చే పందెంలో 1999లో జరిగినంత రచ్చ మళ్లీ జరగలేదని నా అభిప్రాయం. ఆ ఏడాది ఏప్రిల్‌లో మైండ్‌క్రాఫ్ట్ అనే పరీక్షల సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. నాలుగు ప్రాసెసర్లు, నాలుగు నెట్‌వర్క్ కార్డులున్న ఒకే రకం సర్వర్ మీద విండోస్ ఎన్‌టీ ఫైళ్లు అందించడంలో లైనక్స్ కన్నా 2.5 రెట్లు, వెబ్ పేజీలు అందించడంలో 3.7 రెట్లు వేగం అని దాని సారాంశం. పరీక్షకి డబ్బిచ్చింది మైక్రోసాఫ్ట్.

లైనక్స్ లోకం భగ్గుమంది. అభ్యంతరాల్లో నిజం కూడా ఉంది. ఎన్‌టీని చాలా శ్రద్ధగా ట్యూన్ చేశారు. ఒక్కో నెట్‌వర్క్ కార్డు పని ఒక్కో ప్రాసెసర్‌కి కట్టేశారు. లైనక్స్ పక్కన అంత శ్రద్ధ కనిపించలేదు. పైగా, ఆ రోజుల్లో అంత రద్దీ వచ్చే వెబ్‌సైట్లు ఎన్ని? మీకు నచ్చిన పందెం పెట్టి మీరే గెలిచారు అన్నారు. సరే, జూన్‌లో మళ్లీ పెట్టారు. ఈసారి లైనక్స్ నిపుణులు దగ్గరుండి తమ మిషన్‌ని తామే సవరించుకున్నారు. అంకెలు మెరుగయ్యాయి. గెలుపు మాత్రం మళ్లీ ఎన్‌టీదే.

ఎందుకు ఓడిందన్నది అసలు కథ. అప్పటి లైనక్స్ కెర్నల్ 2.2. అందులో నెట్‌వర్క్ పని చేసే భాగంలోకి ఒకసారి ఒక ప్రాసెసర్‌కే ప్రవేశం. మిగతావి తాళంచెవి కోసం బయట నిలబడాలి. నాలుగు కౌంటర్లు తెరిచి, రబ్బరు స్టాంపు ఒక్కటే పెట్టినట్టు. ఒక ప్రాసెసర్ ఉన్న మామూలు మిషన్లలో ఈ లోపం ఎవరికీ తెలియలేదు, తెలిసే అవకాశమూ లేదు. పక్షపాతమని తిట్టుకున్న ఆ పరీక్షే దాన్ని బయటపెట్టింది. లైనక్స్ వాళ్లు కొన్నాళ్లు అలిగారు. తర్వాత చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగారు. 2000లో హంగరీకి చెందిన ఇంగో మోల్నార్ రాసిన టక్స్ అనే వెబ్ సర్వర్, స్పెక్‌వెబ్ 99 అనే ప్రామాణిక పరీక్షలో లైనక్స్‌ని ముందు వరసలో నిలబెట్టింది. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్‌లో ఆ ఒంటరి తాళం పోయింది. ఆ పరీక్ష ఏకపక్షంగా నడిచింది, దాని ఫలితం నిజం కూడా. రెండూ ఒకేసారి ఒప్పుకోవడం ఆ రోజుల్లో నాకూ కష్టంగానే ఉండేది.

అదే 2001లో లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చినాయన మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్. ఆయన కుర్చీలోకి 2014లో హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల వచ్చారు. 2016లో విండోస్ లోపలే లైనక్స్ ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు తెచ్చింది అదే కంపెనీ. కాలం అలా మారింది. ఆ ఏర్పాటు మొదటి రూపంలో లైనక్స్ కెర్నల్ ఉండేది కాదు, ఒక దుబాసీ ఉండేవాడు. లైనక్స్ ప్రోగ్రామ్ తన భాషలో అడిగితే, దాన్ని విండోస్ భాషలోకి మార్చి చెప్పేవాడు. లెక్కల ప్రోగ్రాములు హాయిగా నడిచేవి. ఫైళ్లతో పని పడితే దుబాసీ గొంతు ఎండిపోయేది.

2019లో ప్రకటించిన రెండో రూపంలో దుబాసీని పంపించేసి, నిజమైన లైనక్స్ కెర్నల్‌నే ఒక చిన్న మాయా (వర్చువల్) మిషన్‌లో పెట్టారు. కట్ట విప్పి ఫైళ్లు పరిచే పనుల్లాంటివి 20 రెట్ల దాకా వేగం పెరిగాయని మైక్రోసాఫ్టే చెప్పింది. దానికో మెలిక ఉంది. లైనక్స్ వైపున్న ఫైళ్లతోనే ఆ వేగం. ఫైళ్లు విండోస్ సీ డ్రైవ్‌లో ఉంచి, లైనక్స్ వైపునుంచి వాటిని తెరిస్తే ప్రతిసారీ సరిహద్దు దాటాలి. అది మునుపటికన్నా నెమ్మది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, "సార్, కొత్తది పాతదానికన్నా స్లోగా ఉంది" అని వస్తుంటారు. చూస్తే కాపురం ఒక ఊళ్లో, పొలం ఇంకో ఊళ్లో. పొలం ఉన్న ఊరికి మకాం మార్చండి అంటాను. మర్నాడు స్వీట్లతో వస్తారు.

వేగం వేరు, నిజాయితీ వేరు. ఈ ముక్క డేటాబేస్ వాళ్లకి బాగా తెలుసు. మీరు బ్యాంకులో డబ్బు వేశారు. రాశాను అని కంప్యూటర్ చెప్పాలంటే, ఆ అంకె కరెంటు పోయినా చెరగని చోట పడి ఉండాలి. పాతకాలపు తిరిగే హార్డ్ డిస్కు తీసుకోండి. నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకి 120. ఒక లావాదేవీ రాశాక, తర్వాతది రాయడానికి అదే చోటు మళ్లీ ముల్లు కిందికి రావాలి. వరసగా ఒకదాని తర్వాత ఒకటి నిజాయితీగా రాస్తే సెకనుకి 120కి మించి ఎలా రాయగలదు? అలాంటి డిస్కు మీద ఎవరైనా సెకనుకి వేలల్లో అంకె చూపిస్తే, నేను ముందు చప్పట్లు కొట్టను. ఎక్కడో ఎవరో, రాయకుండానే రాశానంటున్నారు. తరచు అది డిస్కులోనే ఉన్న చిన్న మెమరీ.

ఇక్కడ సిస్టంల మధ్య ఒక సూక్ష్మమైన తేడా ఉంది. ఎఫ్‌సింక్ అనే అభ్యర్థన లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఉంది, పేరు అదే. ఇప్పటి లైనక్స్‌లో, మామూలు ఫైల్ సిస్టంల మీద, అది డిస్కు దాకా వెళ్లి నీ జేబులో దాచుకున్నది కూడా రాసెయ్ అంటుంది. మ్యాక్‌లో అది డిస్కు చేతికి అందించి వచ్చేస్తుంది. శాశ్వతంగా రాసేదాకా ఆగాలంటే వేరే అభ్యర్థన పెట్టాలి, ఆపిల్ వాళ్ల పత్రాల్లోనే ఆ మాట ఉంది. ఒకరు ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చి పనైపోయిందంటున్నారు. ఇంకొకరు రిజిస్టర్డ్ పోస్టు చేసి, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చాక చెబుతున్నారు. ఎవరు ముందొచ్చారని పోటీ పెట్టి మ్యాక్‌లో డేటాబేస్ భలే వేగం అని రాసేస్తే ఎలా? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఈ రాత పద్ధతికి ప్రత్యేకంగా ఒక మీట ఉంది, దాని తొలి అమరిక సిస్టంని బట్టి మారుతుంది. మీ డిస్కు ఏ పద్ధతిలో ఎంత వేగమో కొలిచి చెప్పే చిన్న సాధనం కూడా దానితోపాటే వస్తుంది. రెండు సిస్టంలని పోల్చేముందు దాన్ని ఒక్కసారి నడపని వాళ్ల అంకెలు నేను చదవను.

సరిగ్గా చేయడం గురించి మాట వచ్చింది కాబట్టి, మన అక్షరం చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఉన్నట్టుండి కుప్పకూలడం మొదలైంది. కారణం తెలుగు. జ్ఞానంలోని జ్ఞా. మామూలుగా మనం టైపు చేసే జ్ఞా కాదు లెండి, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు ఇరికిన జ్ఞా. అది మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మూసుకుపోయేది. అదే మెసేజ్ ఆండ్రాయిడ్ ఫోన్లలో బుద్ధిగా కనిపించింది. హల్లుని, పొల్లుని, ఒత్తుని, గుణింతాన్ని కలిపి ఒక రూపంగా పేర్చే పని ఒక్కో సిస్టంలో ఒక్కో భాగం చేస్తుంది. ఆపిల్‌లో కోర్‌టెక్స్ట్, ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్. చీటీలో రాసిన అక్షరం ఒకటే, ఒక కొట్టు షట్టర్ దించేసింది. ఆ నెలలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6 పేరుతో మరమ్మతు పంపింది. ప్రపంచం మొత్తం కొన్ని రోజులు తెలుగు గురించి మాట్లాడుకుంది, మనం ఆశించిన పద్ధతిలో కాకపోయినా.

కొలతల దగ్గర నేను తిన్న ఎదురుదెబ్బలు అన్నీ ఇన్నీ కావు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే, ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. పొద్దున ఒక సిస్టం, మధ్యాహ్నం ఇంకో సిస్టం కొలిచి రెండోది స్లో అని రిపోర్టు రాసిన ఘనుణ్ణి నేను. బ్యాటరీ మీద ఒకటి, ప్లగ్ పెట్టి ఒకటి కొలిచినా అంతే. మొదటిసారి నడిపినప్పుడు ఫైళ్లు డిస్కు నుంచి వస్తాయి, రెండోసారి మెమరీలోంచి వస్తాయి. కాబట్టి ఒక్కసారి కొలిచిన అంకెకి విలువ లేదు. పదిసార్లు కొలిచి, వాటి సగటుతోపాటు ఎంత చెదిరి ఉన్నాయో కూడా చూడాలి. చెదురు ఎక్కువుంటే ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

ఇంకా విచిత్రం ఒకటుంది. 2009లో నలుగురు పరిశోధకులు ఒక పత్రం ప్రచురించారు. యూనిక్స్ రకం సిస్టంలలో, ప్రోగ్రామ్ మొదలయ్యేముందు మీ లాగిన్ పేరు, ఫోల్డర్ పేరు లాంటి వివరాలు కొన్ని మెమరీలో పేరుస్తారు. ఆ తర్వాతే ప్రోగ్రామ్ తన పని సరంజామా పెట్టుకుంటుంది. ఆ వివరాల పొడవు మారితే సరంజామా స్థానం నాలుగు అక్షరాలు అటో ఇటో జరుగుతుంది. ఆ జరగడంతో ప్రోగ్రామ్ వేగం మారుతుందనీ, ఒక కొత్త సవరణ మేలు చేసిందా కీడు చేసిందా అనే తీర్పు కూడా తారుమారు కావచ్చుననీ వాళ్లు చూపించారు. ఇంటిపేరు, తాతగారి పేరు, కులదైవం పేరు అన్నీ కలిపి లాగిన్ పెట్టుకునే మనలాంటివాళ్లకి ఇది కొంచెం గుబులు పుట్టించే సంగతే. ఇద్దరు ఇంజనీర్లు ఒకే మిషన్ మీద ఒకే ప్రోగ్రామ్ కొలిచి వేర్వేరు అంకెలు చెబితే, ఇప్పుడు నేను వాళ్ల లాగిన్ పేర్లు కూడా అడుగుతాను.

ఇంతా చేసి చేతిలో ఉన్న గడియారమే మనకి తెలియకపోతే? విండోస్‌లో అలారం గడియారం మామూలుగా సెకనుకి 64 సార్లు కొట్టుకుంటుంది. అంటే ఒక కొట్టుడుకీ ఇంకో కొట్టుడుకీ మధ్య 15.6 మిల్లీసెకన్లు. ఒక్క మిల్లీసెకను కునుకు తీస్తానని ప్రోగ్రామ్ అడిగితే, తర్వాతి గంట కొట్టేదాకా లేపేవాడు ఉండడు. లైనక్స్‌లో అదే ప్రోగ్రామ్ ఇంచుమించు అడిగినంతసేపే పడుకుని లేస్తుంది. వెయ్యిసార్లు పడుకునే ప్రోగ్రామ్ అయితే తేడా ఎంతవుతుందో లెక్క వేసుకోండి. గంటలు త్వరగా కొట్టమని ప్రోగ్రామ్ విండోస్‌ని అడగవచ్చు. 2020కి ముందు, ఏ ఒక్క ప్రోగ్రామ్ అడిగినా మిషన్‌లో అందరికీ గంట త్వరగా మోగేది. ఆ రోజుల్లో నా కుర్చీలో కూర్చుంటే ప్రోగ్రామ్ వేగంగా నడుస్తుందని మా వాళ్లు నాకు హస్తవాసి అంటగట్టారు. నా మిషన్‌లో ఎప్పుడూ ఒక బ్రౌజర్ తెరిచి ఉండేది, సెకనుకి వెయ్యి గంటలు కొట్టిస్తూ. హస్తవాసి దానిది.

గడియారం విషయంలో నాకు బాగా నచ్చిన కథ నెట్‌ఫ్లిక్స్‌ది. చెప్పినాయన బ్రెండన్ గ్రెగ్, ఆస్ట్రేలియా మనిషి. ఈ వేగాల విద్యలో మాకందరికీ గురుతుల్యుడు. నెట్‌ఫ్లిక్స్‌లో కసాండ్రా అనే డేటాబేస్‌ని సెంటాస్ నుంచి ఉబుంటూకి మార్చారు. రెండూ లైనక్స్ పిల్లలే. మార్చగానే రాతకి పట్టే సమయం 30 శాతానికి పైగా పెరిగింది. కొత్త సిస్టం పనికిరాదని అక్కడే తీర్పు చెప్పేసి వెనక్కి వెళ్లిపోవచ్చు, చాలామంది అదే చేస్తారు. గ్రెగ్ తాను 2011లో కనిపెట్టిన జ్వాలా చిత్రం గీసి చూశాడు. ప్రోగ్రామ్‌లో ఏ పనికి ఎంత సమయం పోతోందో మంటల ఆకారంలో చూపించే బొమ్మ అది. మంట ఎంత వెడల్పుంటే అంత సమయం ఆ పని తింటున్నట్టు. అందులో ఒక మంట అసాధారణంగా వెడల్పుగా ఉంది. అది చేస్తున్న పని, టైమెంతయిందో కనుక్కోవడం!

అవి మేఘంలో, అంటే క్లౌడ్‌లో, అద్దెకు తీసుకున్న మిషన్లు. వాటిలో సమయం చెప్పడానికి రెండు మూడు మార్గాలుంటాయి. అప్పుడు అమరి ఉన్న మార్గం చుట్టుదారి. ప్రాసెసర్‌లోనే ఒక లెక్కింపు గడియారం ఉంది, దాన్ని చూడటం చిటికెలో పని. చేతికి వాచీ ఉండగా టైము కోసం ప్రతిసారీ సికింద్రాబాద్ క్లాక్ టవర్ దాకా నడిచి వెళ్లొస్తున్నట్టయింది ఆ డేటాబేస్ పరిస్థితి. అది ప్రతి రాతకీ టైము అడుగుతుంది మరి. వాచీ చూసుకోమని ఒక్క అమరిక మార్చారు. రాత సమయం 43 శాతం పడిపోయింది. రెండు సిస్టంలలో ఏది గొప్పదన్న ప్రశ్న ఆ బొమ్మ ముందు నిలబడలేదు.

ఈ గ్రెగ్ గురించే ఇంకో ముచ్చట చెప్పి సెలవు తీసుకుంటాను, రేడియోలో చెప్పదగిన ముచ్చట. 2008 చివర్లో ఆయన సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉండగా ఒక వీడియో తీశారు. గది నిండా మిషన్లు హోరుమంటున్నాయి. డిస్కుల బీరువా ఒకటి పనిలో ఉంది, దాని జాప్యం ఎంతో పక్కన తెరమీద గీతలుగా కనిపిస్తోంది. గ్రెగ్ ఆ డిస్కుల దగ్గరికి మొహం పెట్టి గొంతు చించుకుని అరిచాడు. తెరమీద గీత ఎగిరిపడింది. మళ్లీ అరిచాడు, మళ్లీ ఎగిరింది. అరుపుకి డిస్కులు కంపించి, లోపల ముల్లు దారి తప్పి, రాత ఆలస్యమైంది. ఏ సిస్టంలోనూ, ఏ ప్రోగ్రామ్‌లోనూ తప్పు లేదు.

మీలో ఎవరైనా ఈ ప్రసంగాన్ని కంప్యూటర్ పక్కన పెట్టుకుని వింటూ, అందులో తిరిగే పాత హార్డ్ డిస్కు ఉండి, అది ఇప్పుడేదైనా కాపీ చేస్తూ ఉంటే, రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.